వీపు మీద గడ్డ: ఆముదం, పసుపుతో నిజంగా కరుగుతుందా?

తుమ్మెద
అందరికీ నమస్తే. నా వీపు మీద, రెండు భుజాల ఎముకల మధ్య ఒక గడ్డ ఉంది. చాలా కాలం నుంచే ఉంది. మొదట్లో కందిగింజంత ఉండేది, ఇప్పుడు గోలీకాయంత అయింది. నొప్పి లేదు. వేలితో కదిపితే చర్మంతో పాటు అటూ ఇటూ జరుగుతుంది. మధ్యలో చిన్న నల్ల చుక్క, ఈ మధ్య అందులోంచి తెల్లగా ముద్దలా ఏదో వస్తోంది, ఆ వాసన సంగతి ఇక చెప్పక్కర్లేదు. డాక్టర్ చూసి "సిస్ట్, భయం లేదు, కావాలంటే తీసేద్దాం, వద్దంటే వదిలేయండి" అన్నారు. ఆ కావాలంటే, వద్దంటే దగ్గరే నాకు టెన్షన్. ఇంట్లో తలో మాట. అమ్మ ఆముదం అంటుంది, పెద్దమ్మ పసుపు, వేపాకు అంటుంది, ఫోన్‌లో వెతికితే టీ ట్రీ ఆయిల్, ఆపిల్ సైడర్ వెనిగర్ అంటున్నారు. నేను అడిగేది ఒక్కటే, వీటితో పూర్తిగా పోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా? "డాక్టర్ని కలవండి" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లకి ముందే దండం, కలిసే వచ్చాను.

గోరింట
నాకు మెడ వెనక ఉండేది తమ్ముడూ. రోజూ రాత్రి గోరువెచ్చని ఆముదంలో దూది ముంచి పెట్టి పైన గుడ్డ కట్టుకునేదాన్ని. ఎర్రగా ఉబ్బి ఉన్నది మెల్లగా తగ్గి చిన్నదైపోయింది, ఇప్పుడు చేత్తో తడిమితే తప్ప తెలియదు. ఆముదం గట్టిది, నమ్మకంతో వాడు. పక్క బట్టలు మాత్రం పాతవి వేసుకో, ఆ మరకలు పోవు.

సందేహాలరావు
"తడిమితే తప్ప తెలియదు" అంటే ఇంకా ఉందన్నమాటే కదండీ. తుమ్మెద గారు అడిగింది పూర్తిగా పోయినవాళ్ల గురించి.

గోరింట
ఉంటే ఉంది, నన్నేమీ బాధపెట్టడం లేదు కదా. మీకు అన్నీ అనుమానాలే.

రాత్రిడ్యూటీ
నేను సర్జికల్ వార్డులో నర్సుని, ఇలాంటివి చాలా చూశాను కాబట్టి లోపల ఏముంటుందో చెబుతాను, ఆ తర్వాత ఏ నూనె వాడాలో మీరే తేల్చుకోండి. తుమ్మెద గారు చెప్పిన నల్ల చుక్క, వాసన, చర్మంతో పాటు కదలడం, ఇవన్నీ ఎపిడెర్మాయిడ్ సిస్ట్ లక్షణాలు. వెంట్రుక కుదురు పైభాగంలో ఉండే చర్మకణాలు ఎలాగో లోపలికి మడతపడి ఒక తిత్తిలా మూసుకుపోతాయి. బయటి చర్మం రోజూ పైపొర రాలుస్తుంది, మనం స్నానం చేస్తే పోతుంది. ఈ తిత్తి గోడ కూడా చర్మమే కాబట్టి అదీ రాలుస్తూనే ఉంటుంది, కాకపోతే లోపలికి. ఆ చిన్న చుక్క తప్ప బయటికి సరైన దారి లేదు. ఏళ్ల తరబడి అలా పేరుకున్న పదార్థమే మీరు చూసిన తెల్ల ముద్ద. అది చీము కాదు, కొవ్వు కూడా కాదు, కెరాటిన్. జుట్టులోనూ గోళ్లలోనూ ఉండేది అదే.

ఇప్పుడు ఆముదం సంగతి. తలకి ఏళ్లకేళ్లు నూనె రాస్తాం కదా, జుట్టు ఎప్పుడైనా కరిగిందా? కెరాటిన్ నూనెకి కరగదు, వేడికి కరగదు, పసుపుకీ కరగదు. ఒకవేళ లోపలి ముద్దంతా పోయినా గోడ అక్కడే ఉంటుంది, మళ్లీ నింపుకుంటుంది. అంటే మన ఇంటి వైద్యం దేనికీ పనికిరాదని కాదు నేననేది. పైన వాపు, ఎరుపు, సలుపు ఉంటే కొంత ఉపశమనం ఇస్తుంది. గడ్డని మాయం చేయదు, అంతే.

గోరింట
మరి నాది ఎలా తగ్గింది?

రాత్రిడ్యూటీ
మీది ఎర్రగా ఉబ్బి ఉందన్నారు కదక్కా. అంటే ఆ టైంలో వాచి ఉంది. అలా వాచినవాటిలో చాలామటుకు కొన్ని వారాల్లో వాటంతట అవే సర్దుకుంటాయి, ఒక్కోసారి చుక్కలోంచి కొంత బయటికి కారి ఇంకాస్త చిన్నవవుతాయి. మీరు వెచ్చగా కట్టు కట్టారు, అది హాయినిచ్చింది, వాపు దిగడానికీ కొంత సాయపడి ఉండొచ్చు. ఆముదంలో సుమారు 90 శాతం రిసినోలిక్ ఆమ్లం ఉంటుంది, జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో దానికి వాపు తగ్గించే గుణం కనిపించింది కూడా. కాబట్టి మీరు వాడినదాన్ని నేను కొట్టిపారేయను.

గోరింట
సరే, నువ్వు చదువుకున్నదానివి. నా ఆముదం మీద మాత్రం నా నమ్మకం పోదు.

ఆకుపసరు
ఆలస్యంగా చూశాను ఈ చర్చ. ఆయుర్వేదం పేరు చెబితేనే కొందరు ముఖం చిట్లిస్తారు కాబట్టి ముందే ఒక మాట, నేను వైద్యుణ్ణి కాదు, మూలికలంటే ఇష్టం ఉన్నవాణ్ణి, పుస్తకాలు చదువుతాను. ఇలాంటి గడ్డల్ని ఆయుర్వేదంలో "గ్రంథి" కింద చెబుతారు. లోపలికి కాంచనార గుగ్గులు ఇస్తారు, అందులో దేవకాంచనం బెరడు, త్రిఫల, త్రికటు, గుగ్గులు ఉంటాయి. పైకి పసుపు, వేప, కలబంద లేపనాలు. తొందరపడి కత్తి దాకా వెళ్లకుండా కొన్నాళ్లు ఇవి వాడి చూస్తే తప్పేముంది?

సందేహాలరావు
తప్పేమీ లేదు, గడ్డ ఎటూ పోదు కాబట్టి తొందర కూడా లేదు. కానీ కాంచనార గుగ్గులు వాడి ఎపిడెర్మాయిడ్ సిస్ట్ గోడతో సహా పోయిందని ఎవరైనా స్కానింగ్‌లో చూపించారా? నోటి మాట కాకుండా. వాడేసి "కొంచెం మెత్తబడింది" అనేవాళ్లే ఎక్కువ.

రాత్రిడ్యూటీ
నాకు అభ్యంతరం ఒక్క విషయంలో. గుగ్గులు కొన్ని బీపీ, గుండె మందుల పనిని తగ్గిస్తుంది, ప్రొప్రనలాల్, డిల్టియాజెమ్ లాంటివి వాడేవాళ్లు డాక్టర్‌కి చెప్పకుండా మొదలుపెట్టకూడదు. గర్భిణులు అసలే వద్దు. మూలిక కదా, ఏం చేస్తుందిలే అనుకోవద్దు. పని చేసేది ఏదైనా పక్కదారి కూడా పట్టగలదు.

నిప్పుకోడి
ఆపిల్ సైడర్ వెనిగర్ అన్నారు కదా పైన, దాని గురించి నేను చెప్పాలి. నా రూమ్మేట్ కాలి మీద గడ్డకి వెనిగర్‌లో దూది ముంచి టేపు వేసుకుని పడుకున్నాడు. పొద్దున్న టేపు లాగితే చర్మం తెల్లగా నానిపోయి కింద పచ్చిపుండు. గడ్డ మాత్రం దిట్టంగా అక్కడే ఉంది, పైన పుండు అదనం. అది మానాక కూడా నల్ల మచ్చ మిగిలిపోయింది. వీడియోలో చెప్పినాయన "మంట వస్తే పని చేస్తున్నట్టే" అన్నాడట!

రాత్రిడ్యూటీ
ఆ మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. మంట అంటే చర్మం కాలుతోందని, పని చేస్తోందని కాదు. వెనిగర్‌లో సుమారు 5 శాతం ఎసిటిక్ ఆమ్లం ఉంటుంది, కట్టు కింద గంటల తరబడి ఉంచితే కాల్చేస్తుంది. పచ్చి వెల్లుల్లి దంచి కట్టడం కూడా అంతే, బొబ్బలెక్కినవాళ్లు ఆస్పత్రికి వస్తూనే ఉంటారు. ఇక నల్లజీడి రసం గురించి, జిల్లేడు పాల గురించి ఎవరూ సలహా ఇవ్వకండి దయచేసి. నల్లజీడి తగిలితే ఒళ్లంతా దద్దుర్లు, బొబ్బలు వచ్చేవాళ్లున్నారు. జిల్లేడు పాలు పొరపాటున కంట్లో పడితే నల్లగుడ్డు పొర దెబ్బతిని చూపు మసకబారుతుంది, అదీ వెంటనే నొప్పి లేకుండా, అందుకే ఆలస్యంగా వస్తారు. ఆన్‌లైన్‌లో "బ్లాక్ సాల్వ్" అని ఒక నల్ల ముద్ద అమ్ముతారు, గడ్డల్ని, పులిపిర్లని వేర్లతో సహా లాగేస్తుందని. అందులో బ్లడ్‌రూట్ అనే మొక్క వేరు, జింక్ క్లోరైడ్ ఉంటాయి. మంచి చర్మం, చెడ్డ చర్మం తేడా లేకుండా చంపేసి గుంట చేస్తుంది. అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరికలు ఇచ్చింది.

ఆకుపసరు
నల్లజీడి విషయంలో రాత్రిడ్యూటీ గారితో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. శుద్ధి చేయని నల్లజీడి ఇంట్లో ముట్టుకోకూడనిది. శాస్త్రం తెలిసినవాళ్లు కూడా దాన్ని ఎంత జాగ్రత్తగా వాడతారో!

సందేహాలరావు గారి ప్రశ్నకి మాత్రం జవాబు చెప్పాలి కదా, నిన్న రాత్రి కూర్చుని సుశ్రుత సంహిత తీశాను. నిదానస్థానం 11వ అధ్యాయం ఈ గ్రంథుల గురించే. అందులో మేదోజ గ్రంథి (కొవ్వు వల్ల పుట్టే గడ్డ) వర్ణన చదివితే తుమ్మెద గారి గడ్డే గుర్తొచ్చింది: నునుపుగా ఉంటుంది, నొప్పి తక్కువ, పగిలితే తెలకపిండిలా, నెయ్యిలా ఉండే పదార్థం బయటికి వస్తుంది. లేపనాలు, కాపడం అన్నీ చెప్పాడు ఆయన, కానీ అక్కడే ఆగలేదు, కోసి తీయడమూ చెప్పాడు. అర్బుదాల (పెద్ద కణితుల) గురించి చికిత్సాస్థానంలో ఏమన్నాడంటే, ఏ కొంచెం శేషం మిగిల్చినా మళ్లీ పుడతాయి, అందుకని పూర్తిగా పెకలించాలని. సుశ్రుతుడు ఎంతైనా శస్త్రవైద్యుడు కదా! ఈ మాట నా పక్షానికి అంతగా కలిసిరాదని తెలుసు, అయినా ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

సందేహాలరావు
అయ్యా, మీకు నమస్కారం. చర్చలో తన వాదనకి అడ్డొచ్చే పేజీ తనే తెచ్చి చూపించినవాణ్ణి ఇక్కడ ఇదే మొదటిసారి చూడటం.

వెన్నెల
నాకు తల మీద రెండున్నాయి. మా నాన్నకీ ఉన్నాయి, మా మేనత్తకి అయితే నాలుగైదు. దువ్వెన తగిలినప్పుడల్లా ప్రాణం పోతుంది. నల్ల చుక్కేమీ లేదు, గట్టిగా, నున్నగా ఉంటాయి. ఇవి కూడా అవేనా? కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాస్తున్నాను.

రాత్రిడ్యూటీ
అవి పైలార్ సిస్టులు అయ్యుండొచ్చు. దాదాపు 90 శాతం తల మీదే వస్తాయి, కుటుంబంలో ఒకరి నుంచి ఒకరికి రావడం మామూలే. లోపల ఉండేది ఇదే కెరాటిన్, ఇంకొంచెం గట్టిగా. కర్పూరం చల్లగా అనిపిస్తుంది, ఆ చల్లదనం తప్ప గడ్డకి ఏమీ కాదు. ఒక మంచి విషయం చెప్పనా, వీటి గోడ దళసరిగా ఉంటుంది కాబట్టి కోసి తీసేటప్పుడు చితక్కుండా గుండ్రంగా ఒకే ముక్కగా వచ్చేస్తాయి, ఎపిడెర్మాయిడ్ కన్నా సుళువు. జుట్టు కూడా పెద్దగా తీయరు.

బుజ్జాయి
అక్కా నాకు గడ్డం కింద, దవడ మీద లోపల్లోపల పెద్ద పెద్ద మొటిమలు, ముట్టుకుంటే నొప్పి, నెలలకొద్దీ ఉంటాయి. ఇవి కూడా సిస్టులేనా? టీ ట్రీ ఆయిల్ రాయమని అందరూ అంటున్నారు.

రాత్రిడ్యూటీ
నీవి సిస్టిక్ మొటిమలు అయ్యుంటాయి బుజ్జాయీ, ఈ చర్చలో గడ్డల కథ వేరు, వాటి కథ వేరు. అందరూ కలిపేసి మాట్లాడటం వల్లే టీ ట్రీ ఆయిల్ ఇక్కడిదాకా వచ్చింది. 1990లో ఆస్ట్రేలియాలో 5 శాతం టీ ట్రీ జెల్‌ని 5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ అనే మొటిమల మందుతో పోల్చి చూశారు, మామూలు మొటిమల మీద రెండూ పని చేశాయి, టీ ట్రీ నిదానంగా పని చేసింది కానీ మంట, పొడిబారడం తక్కువ. గమనించు, 5 శాతం! సీసాలోది నేరుగా రాస్తే అలర్జీ రావొచ్చు. మింగితే విషం, చిన్నపిల్లల చేతికి అందనివ్వకూడదు. లోతుగా ఉండే నీలాంటి మొటిమలకి అది చాలదు, చర్మవైద్యులు వేరే మందులిస్తారు, ఆలస్యం చేస్తే గుంటలు పడతాయి. నువ్వు మాత్రం తొందరగా చూపించుకో.

చిన్నారితల్లి
మా పాపకి కనుబొమ చివర, బయటివైపు ఒక చిన్న గడ్డ పుట్టినప్పటి నుంచీ ఉంది. గట్టిగా ఉంటుంది, నొప్పి లేదు. రోజూ నూనెతో రుద్దితే కరిగిపోతుందని ఇంట్లో అంటున్నారు. రుద్దొచ్చా?

రాత్రిడ్యూటీ
వద్దమ్మా, రుద్దకండి. కనుబొమ చివర పుట్టుకతో ఉండేది చాలావరకు డెర్మాయిడ్ సిస్ట్. పిండం పెరిగేటప్పుడు చర్మపు పొరలు కలిసే చోట కొంత చర్మం లోపల చిక్కుకుపోవడం వల్ల వస్తుంది. మామూలుగా ప్రమాదం కాదు, కానీ గట్టిగా రుద్దితే లోపల పగిలి వాచిపోతుంది. పిల్లల డాక్టర్‌కి చూపించండి, ఎప్పుడు తీయాలో వాళ్లు చెబుతారు. ఇంకా ఎవరైనా చదువుతుంటే, ముక్కు మీద నడిమధ్యలో పుట్టుకతో గడ్డ గానీ, చిన్న రంధ్రం గానీ, అందులోంచి వెంట్రుక గానీ ఉంటే దాన్ని ఎవరూ కెలకకూడదు. కొన్నిటికి పుర్రె లోపలిదాకా దారి ఉంటుంది, స్కాన్ చేయకుండా సర్జన్లు కూడా ముట్టుకోరు.

చిన్నారితల్లి
థాంక్స్ అండీ. రేపే ఫోన్ చేస్తాను డాక్టర్‌కి.

కాలక్షేపం
మరి నాకు ముంజేతుల మీద మెత్తగా, నొక్కితే జారిపోయే గడ్డలు చాలా ఉన్నాయి. చుక్కలూ లేవు, వాసనా లేదు. వాటికి ఏ ఆకు?

సందేహాలరావు
అవి కొవ్వు గడ్డలేమో, లైపోమాలు. నాకూ ఉన్నాయి. వాటికి ఏ ఆకూ అక్కర్లేదు, బరువు తగ్గినా అవి తగ్గవు (నేను తగ్గి చూశాను). ఒకటి 5 సెంటీమీటర్లు దాటితేనో, గబగబా పెరుగుతుంటేనో, గట్టిగా కదలకుండా ఉంటేనో చూపించుకోమన్నారు నన్ను.

తుమ్మెద
ఇంతమంది ఇంత ఓపిగ్గా చెప్పినందుకు అందరికీ థాంక్స్. ఒక సందేహం. చుక్కలోంచి ఎలాగూ వస్తోంది కదా, స్నానం చేశాక చర్మం మెత్తగా ఉన్నప్పుడు ఎవరి చేతైనా గట్టిగా నొక్కించి మొత్తం తీయించేస్తే? ఆ వీడియోలు చూస్తే భలే తృప్తిగా ఉంటుంది.

రాత్రిడ్యూటీ
ఆ వీడియోల్లో సగం మందికి మళ్లీ వచ్చి ఉంటుంది, ఆ వీడియో మాత్రం ఎవరూ పెట్టరు! నొక్కినప్పుడు అంతా బయటికే వస్తుందని ఏముంది? తిత్తి గోడ లోపలివైపు పగిలితే కెరాటిన్ చర్మం కింది పొరలోకి చిందుతుంది. మన ఒంటిదే అయినా అక్కడ దాన్ని శరీరం పరాయి వస్తువుగా చూస్తుంది. ఇక రెండో రోజుకి ఎర్రగా, వేడిగా, ముట్టుకోలేనంత నొప్పిగా తయారవుతుంది. ఇలా వాచినవాటిలో చాలావాటికి క్రిములతో సంబంధమే ఉండదు, అందుకే ప్రతిసారీ యాంటీబయాటిక్ రాయరు. కొన్నిసార్లు ట్రైయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ గడ్డలోకి ఇస్తారు, రెండు మూడు రోజుల్లో దిగుతుంది. నిజంగా చీము పట్టితే గంటు పెట్టి వదిలించేస్తారు. అది ఉపశమనానికే, గోడ ఉండిపోతుంది కాబట్టి తర్వాత మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. వాచి ఉన్నప్పుడు పూర్తిగా కోసి తీయడం కూడా కష్టం, గోడ చివికిపోయి ముక్కలుముక్కలుగా వస్తుంది, ఎక్కడో ఓ ముక్క మిగిలిపోతుంది. అందుకే నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి, చల్లబడ్డాక తీస్తారు. కెలక్కుండా ఉన్నప్పుడు తీయించుకుంటే మీకూ సుఖం, సర్జన్‌కీ సుఖం.

గోరింట
అయితే కాపడం పెట్టుకోవచ్చా, అదీ వద్దా? అన్నీ వద్దంటే ఎలా తల్లీ.

రాత్రిడ్యూటీ
కాపడం పెట్టుకోవచ్చక్కా, ఇంటి వైద్యంలో నేను నిర్భయంగా చెప్పేది అదొక్కటే. శుభ్రమైన మెత్తటి గుడ్డని వేడినీళ్లలో ముంచి పిండి, ముందు మీ ముంజేతి లోపలివైపు పెట్టి చూడండి. అక్కడ హాయిగా ఉంటేనే గడ్డ మీద పెట్టండి, చురుక్కుమంటే ఆగండి. పది పదిహేను నిమిషాలు, చల్లారితే మళ్లీ ముంచుకుంటూ, రోజుకి మూడు నాలుగు సార్లు. మరుగుతున్న నీళ్ల సంచీ నేరుగా పెట్టొద్దు, ముఖ్యంగా షుగర్ ఉండి కాళ్లల్లో తిమ్మిరి ఉన్నవాళ్లకి వేడి తెలియదు, కాలేదాకా తెలియదు. ఆ గుడ్డ ఇంకెవరూ వాడకూడదు, ప్రతిరోజూ ఉతికి ఎండలో వేయాలి. కాపడం పెట్టాక నొక్కే పని పెట్టుకోవద్దు. దానంతట అది కారితే తుడిచి, సబ్బుతో కడిగి, పొడి గాజ్ (కట్టు కట్టే పలచటి గుడ్డ) పెట్టండి.

కనురెప్ప మీద గడ్డలకి, అదే కలేజియాన్‌కి, కాపడం ఇంకా బాగా పని చేస్తుంది, ఎందుకంటే అక్కడ పేరుకునేది నిజంగా నూనె, వేడికి పలచబడుతుంది. దాన్ని చూసి వీపు గడ్డ కూడా అలాగే కరుగుతుందని ఆశపడతారు అందరూ.

ఆకుపసరు
పసుపు లేపనానికీ ఒక మాట చెప్పండి, పూర్తిగా నిషేధమేనా?

రాత్రిడ్యూటీ
చర్మం పగలకుండా ఉంటే పలచగా రాసుకుంటే ఏమీ కాదు. కొందరికి పసుపు పడదు, దురద వస్తే కడిగేసుకోవాలి. నాకు ఇబ్బంది ఎక్కడంటే, మందంగా పట్టు వేసి వస్తారు, కడిగినా రంగు పోదు, ఎరుపు ఎక్కడిదాకా పాకిందో మాకు కనిపించదు. ఎర్రగా ఉన్న గడ్డ చుట్టూ పెన్నుతో గీత గీసుకోండి, మర్నాటికి ఎరుపు గీత దాటితే పాకుతోందని అర్థం. పసుపు పూస్తే ఆ గీత పెట్టే అవకాశం కూడా పోతుంది. కలబంద అయితే లోపలి గుజ్జు మాత్రమే వాడండి, తొక్క దగ్గర కారే పసుపుపచ్చ జిగురు దురద పెడుతుంది. వేపాకు ఉడికించిన నీళ్లతో కడగడం మామూలు సబ్బు నీళ్లతో కడిగినంత మేలు చేస్తుంది, అంతకన్నా ఎక్కువ ఆశించొద్దు.

జ్వరం వచ్చినా, ఎర్ర చారలు గడ్డ నుంచి పైకి పాకినా, షుగర్ ఉన్నవాళ్లకి గడ్డ నొప్పి పెట్టినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. అలాగే చిన్న వయసులోనే ఒంటి మీద చాలా చోట్ల ఇలాంటివి వస్తూ, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగులో పాలిప్స్ (పిలకల్లాంటి చిన్న కణితులు) ఉన్న చరిత్ర ఉంటే ఆ రెండూ కలిపి డాక్టర్‌కి చెప్పండి, అరుదే కానీ గార్డ్‌నర్ సిండ్రోమ్ అని ఒకటి ఉంది.

లెక్కలమాష్టారు
ఆపరేషన్ అనే మాటకే తుమ్మెద గారు భయపడుతున్నట్టున్నారు, నేను చేయించుకున్నాను కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. బోర్లా పడుకోబెట్టారు. ఆ చోటు మొద్దుబారడానికి లిగ్నోకెయిన్ ఇంజెక్షన్ పొడిచినప్పుడు, మందు లోపలికి వెళ్తున్నప్పుడు చుర్రుమంది, మొత్తం మీద నొప్పి అంటే అదొక్కటే. తర్వాత లాగుతున్నారు, నెడుతున్నారు అని తెలుస్తుంది తప్ప నొప్పి తెలియదు. చుక్క ఉన్నచోటుతో సహా చర్మం కంటి ఆకారంలో చిన్నగా కోశారు, చుక్కని వదిలేస్తే మళ్లీ వస్తుందట. కత్తెర మొనతో గోడ చుట్టూ మెల్లగా విడదీసుకుంటూ పోయారు. ఆ డాక్టర్ మధ్యలో ఒకసారి ఊపిరి బిగబట్టడం నాకు వినిపించింది, "పగలకుండా వచ్చేసింది" అన్నారు. ట్రేలో పెట్టి చూపించారు, తెల్లగా, మెరుస్తూ, పలచటి పొరలో బిగుతుగా. నాలోంచి వచ్చిందంటే నమ్మబుద్ధి కాలేదు. పరీక్షకి ల్యాబ్‌కి పంపారు, మామూలు సిస్టే అని వచ్చింది. లేచి నడుచుకుంటూ ఇంటికి వచ్చాను.

తుమ్మెద
మాష్టారూ, కుట్లు? వీపు మీద కదా, బండి నడపొచ్చా? మచ్చ ఎంత ఉంది?

లెక్కలమాష్టారు
వీపు చర్మం కదిలినప్పుడల్లా లాగుతుంది కాబట్టి కుట్లు ఎక్కువ రోజులు ఉంచుతారు, పది నుంచి పద్నాలుగు రోజులు. ముఖం మీదైతే వారంలోపే తీసేస్తారట. మొదటి కొన్ని రోజులు బండి, బరువులు వద్దన్నారు. మచ్చ గీతలా ఉంది, కొంచెం వెడల్పయింది, వీపుకి అది మామూలే అన్నారు. ఇంట్లోవాళ్లు కుట్ల మీద పసుపు అద్దుతామంటే నేను ఒప్పుకోలేదు.

వెన్నెల
చిన్న కోతతో తీస్తారని కూడా విన్నాను, రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే కోసి.

రాత్రిడ్యూటీ
అవును, చిన్న రంధ్రం చేసి ముందు లోపలిది పిండేసి, ఖాళీ అయిన గోడని ఆ రంధ్రంలోంచే లాగేస్తారు. మచ్చ చిన్నది. ముఖానికి బాగుంటుంది. ఇదివరకు వాచి పగిలిన గడ్డలకి గోడ చుట్టూ అతుక్కుపోయి ఉంటుంది, వాటికి అంతగా కుదరదు. తుమ్మెద గారిది ఇంతవరకు వాచలేదు కాబట్టి అడిగి చూడొచ్చు, కాకపోతే వీపు చర్మం దళసరి, సర్జన్ చేత్తో చూసి చెప్పాల్సిందే.

తుమ్మెద
సరే. ఇంకొక్కటి అడిగి వదిలేస్తాను. చిన్నప్పుడు నా భుజం మీద టీకా వేసిన చోట మచ్చ ఉబ్బి, గట్టిగా, దురదగా మిగిలిపోయింది. కుట్లు వేస్తే ఇక్కడా అలాగే అవుతుందా? అలా కాకుండా ముందు నుంచే ఉల్లిరసం గానీ, కలబంద గానీ రాయొచ్చా?

రాత్రిడ్యూటీ
ఈ మాట మీరు మొదటి పోస్టులోనే రాయాల్సింది, ఇంతసేపూ మాట్లాడినవాటిలో మీ నిర్ణయానికి అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మీరు చెప్పేది కెలాయిడ్ కావచ్చు. భుజం, ఛాతీ, పైవీపు, చెవితమ్మె, ఇవే దానికి ఇష్టమైన చోట్లు. మీ గడ్డ పైవీపు మీదే ఉంది. సర్జన్‌కి ఆ పాత మచ్చ చూపించి మరీ చెప్పండి. అప్పుడు ఆయన తీయకుండా వదిలేద్దామని అనొచ్చు, తీస్తే కోత చిన్నదిగా, లాగుడు తక్కువ పడేలా చేసి, మానాక సిలికాన్ షీటు వాడమనొచ్చు, ఉబ్బడం మొదలైతే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వొచ్చు. ముందు నుంచే ఉల్లిరసం రాయడం వల్ల ఏమీ ఉండదు. కుట్లు ఉన్నన్నాళ్లు ఏ రసమూ వద్దు, శుభ్రంగా కడిగి పలచగా పెట్రోలియం జెల్లీ రాస్తే చాలు. పూర్తిగా మానాక కలబంద గుజ్జు రాసుకుంటే మీ ఇష్టం, దురదకి కొంచెం హాయిగా ఉంటుంది.

గోరింట
మానాక ఆముదం కూడా రాసుకోవచ్చు కదా?

రాత్రిడ్యూటీ
మానాక రాసుకోండక్కా. పాత బట్టలు వేసుకుని.